పాక్ జలసంధి ఈతకు సాధన: ఎప్పుడు, ఎక్కడ, ఎలా

మీ ప్రశ్నలోని వివరాలు ముందు ఒకచోట పెడుతున్నాను. మీరు విశాఖపట్నంలో ఉంటారు, వయసు 36. పాతిక మీటర్ల పూల్‌లో రెండు కిలోమీటర్లు ఆగకుండా యాభై నిమిషాల్లో ఈదగలుగుతున్నారు. వచ్చే మార్చిలో, అంటే ఇంకో పదకొండు నెలల్లో, శ్రీలంకలోని తలైమన్నార్ నుంచి మన ధనుష్కోడి దాకా పాక్ జలసంధిని ఈదాలనుకుంటున్నారు. వారానికి ఎన్ని కిలోమీటర్లు ఈదాలి, పూల్‌లో సాధన చేస్తే సరిపోతుందా, నీళ్లలో ఉండగా ఏం తినాలి, చలికి ఏం చేయాలి అని అడిగారు. ఆ జలసంధిని నేను ఒకసారి ఈదాను, ఆ తర్వాత మరికొందరు ఈదినప్పుడు తోడుపడవలో కూర్చుని వాళ్లకు ఆహారం అందించే పని చేశాను. ఆ రెండు అనుభవాల నుంచే ఈ సమాధానం రాస్తున్నాను.

ముందుగా లెక్క చూద్దాం. మీ వేగం ఇప్పుడు వంద మీటర్లకు రెండున్నర నిమిషాలు, మీరు ఈదవలసిన దూరం సుమారు 30 కిలోమీటర్లు. ఈ వేగం చివరిదాకా నిలిస్తే పన్నెండున్నర గంటలు పడుతుంది, కానీ ఎవరికీ అది నిలవదు. అరగంటకోసారి ఆగి తాగడానికి నిమిషం చొప్పున వేసుకున్నా మొత్తం మీద ఇరవై అయిదు నిమిషాలు పోతాయి. ఆరేడు గంటల తర్వాత బార (ఒక్కో చేతి విసురు) పొట్టిదై వేగం పది పదిహేను శాతం తగ్గుతుంది. ప్రవాహం అడ్డం తిరిగితే మరో గంటో రెండు గంటలో కలుపుకోవాలి. అందుచేత మీరు పద్నాలుగు, పదిహేను గంటలు నీళ్లలో ఉండడానికి సిద్ధపడాలి. హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల గారు 2021 మార్చిలో, 47 ఏళ్ల వయసులో, ఇదే దూరాన్ని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. 1966 ఏప్రిల్‌లో మిహిర్ సేన్ ఈదినప్పుడు 25 గంటల 36 నిమిషాలు పట్టింది. అంతకు ఎనిమిదేళ్ల ముందే ఇంగ్లిష్ ఛానెల్‌ను దాటిన మనిషికి కూడా ఇక్కడ ఒక పగలూ ఒక రాత్రీ పట్టిందంటే సముద్రం ఆ రోజు ఎంత అడ్డం తిరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. కాబట్టి సాధన మొత్తాన్ని కిలోమీటర్లలో కన్నా గంటల్లో ఆలోచించమని నా మొదటి సలహా. ఒంట్లో శక్తి ఉన్నంతసేపు దూరం ఎవరైనా ఈదుతారు. తొమ్మిదో గంటలో భుజం, కడుపు, మనసు మూడూ పనిచేస్తూ ఉండాలంటే వాటికి విడివిడిగా శిక్షణ ఇవ్వాలి.

అందుకే వచ్చే మార్చి వద్దని, ఆ పై మార్చి పెట్టుకోమని గట్టిగా చెబుతున్నాను. గుండె, ఊపిరితిత్తులు రెండు మూడు నెలల్లోనే కొత్త భారానికి అలవాటు పడతాయి గానీ, భుజం కీలు చుట్టూ ఉండే స్నాయువులకు అంతకన్నా చాలా ఎక్కువ కాలం కావాలి. నిమిషానికి అరవై బారల చొప్పున పద్నాలుగు గంటలు ఈదితే మొత్తం యాభై వేల పైచిలుకు బారలు పడతాయి, అంటే ఒక్కొక్క భుజం పాతిక వేలసార్లు తిరగాలి. రెండు కిలోమీటర్ల స్థాయి నుంచి పదకొండు నెలల్లో అక్కడికి చేరాలని తొందరపడినవాళ్లలో ఎక్కువమంది ఎనిమిదో నెలలో భుజం నొప్పితో ఫిజియోథెరపీ గదిలో ఉండడం నేను చూశాను. నాకు తెలిసిన ఒకరైతే ఆ నొప్పి మీదే సాధన కొనసాగించి, చివరికి ఏడాదిపాటు ఈతకే దూరమయ్యారు.

ఈ మొదటి ఆరు నెలలు పూల్‌లోనే గడపండి. వారానికి నాలుగు రోజులు, రోజుకు రెండు కిలోమీటర్లతో మొదలుపెట్టి మెల్లగా మూడున్నరకు పెంచండి. ఒక వారం నుంచి మరో వారానికి పది శాతానికి మించి పెంచవద్దు, ప్రతి నాలుగో వారం మూడో వంతు తగ్గించండి. మీ వేగానికి ఒక ప్రమాణం కావాలి కనుక, ఒక రోజు బాగా ఒళ్లు వేడెక్కాక 400 మీటర్లు, కొంత విశ్రాంతి తర్వాత 200 మీటర్లు మీ శక్తి కొద్దీ ఈది సమయం రాసుకోండి. ఉదాహరణకు 400కు 9 నిమిషాల 20 సెకన్లు, 200కు 4 నిమిషాల 30 సెకన్లు వచ్చాయనుకుందాం. తేడా 290 సెకన్లు, దాన్ని రెండుతో భాగిస్తే వంద మీటర్లకు 2 నిమిషాల 25 సెకన్లు వస్తుంది. ఆయాసం పెరగకుండా మీరు చాలాసేపు నిలుపుకోగలిగిన వేగం దాదాపుగా అదే. వారానికి ఒక రోజు ఆ వేగంతో వందేసి మీటర్లు ఇరవైసార్లు, మధ్యలో పావు నిమిషం మాత్రమే ఆగుతూ ఈదండి. మిగిలిన మూడు రోజులూ దానికన్నా నిదానంగా, పక్కవాళ్లతో రెండు మాటలు మాట్లాడగలిగేంత తేలికగా ఈదాలి. ఆరు వారాలకోసారి ఈ పరీక్ష మళ్లీ పెట్టుకోండి.

ఈ ఆరు నెలల్లోనే రెండు వైపులా శ్వాస తీసుకోవడం నేర్చుకోండి. సముద్రంలో కెరటం ఒక వైపు నుంచి కొడుతున్నప్పుడు ఆ వైపు నోరు తెరిస్తే ఉప్పునీళ్లే లోపలికి పోతాయి. పైగా తోడుపడవ గాలిని బట్టి ఎటు వైపు ఉంటుందో ముందుగా తెలియదు. భుజాల కోసం రబ్బరు పట్టీతో చేసే వ్యాయామం రోజూ పది నిమిషాలు తప్పనిసరి. మోచేతిని పక్కటెముకలకు ఆనించి ఉంచి ముంజేతిని బయటికి తిప్పడం, రెక్క ఎముకలను వెనక్కి దగ్గరగా లాగడం, ఈ రెండూ చాలు. బార వేసేటప్పుడు నీళ్లలోకి దిగే చెయ్యి తల ముందుగా నడిమి గీతను దాటి అవతలి వైపుకు పోతోందేమో ఎవరిచేతనైనా వీడియో తీయించి చూసుకోండి. పూల్‌లో రెండు కిలోమీటర్లకు ఏమీ అనిపించని ఆ చిన్న తప్పే ఇరవయ్యో కిలోమీటరు దగ్గర భుజాన్ని దెబ్బతీస్తుంది.

పూల్ సరిపోతుందా అన్న మీ రెండో ప్రశ్నకు సమాధానం, సగం సరిపోతుంది అని. పూల్‌లో ప్రతి పాతిక మీటర్లకూ గోడ వస్తుంది. దాన్ని తన్ని మలుపు తిరిగే ఆ క్షణంలో భుజానికి విశ్రాంతి దొరుకుతుందని, రెండు కిలోమీటర్లలో అలాంటి విశ్రాంతులు డెబ్భై తొమ్మిది ఉంటాయని మనం గమనించం. సముద్రంలో గోడ లేదు, అడుగున గీత లేదు, నీళ్లు కదలకుండా ఉండవు. ఏడో నెల నుంచి వారానికి ఒక రోజు తప్పకుండా సముద్రంలో ఉండాలి.

విశాఖలో ఉండడం మీకు పెద్ద వరం, అయితే స్థలాన్ని జాగ్రత్తగా ఎంచుకోవాలి. ఆర్కే బీచ్‌లో దిగకండి. అక్కడ ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహం ఎందరి ప్రాణాలు తీసిందో ఆ ఊరివారైన మీకు నేను చెప్పనవసరం లేదు. అలాంటి లాగుడులో ఎప్పుడైనా చిక్కుకుంటే ఒడ్డు వైపు పోట్లాడకుండా ఒడ్డుకు సమాంతరంగా ఈది దాని వెడల్పు దాటాక మాత్రమే లోపలికి రావాలి. ఋషికొండ, భీమిలి వైపు ఉదయం ఆరు గంటలకు ముందు, గాలి లేవకముందు, నీళ్లు కొంత నయంగా ఉంటాయి. ఒంటరిగా ఎప్పుడూ దిగవద్దు. పెదజాలారిపేటలోనో భీమిలిలోనో ఇంజన్ ఉన్న ఫైబర్ పడవ నడిపే ఒక మత్స్యకారుణ్ణి కూలి మాట్లాడుకుని, ఏడాది పొడుగునా ఆయనతోనే వెళ్లండి. కెరటాలు విరిగే చోటును పడవలో దాటి, కెరటం విరగని లోతులో దిగి, తీరానికి సమాంతరంగా ఈదాలి. నీళ్ల రంగు, గాలి వాలు చూసి ప్రవాహం ఎటు పోతోందో ఆయన చెప్పినంత కచ్చితంగా ఏ యాప్ చెప్పదు. అయినా ముందు రోజు రాత్రి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే అలల ఎత్తు, ప్రవాహాల సూచన చూడడం కూడా అలవాటు చేసుకోండి. మత్స్యకారుల కోసం ఇచ్చే ఆ హెచ్చరికలు మనకు కూడా అక్షరాలా వర్తిస్తాయి.

మన తీరం వెంట ప్రవాహం ఏడాదంతా ఒకే వైపు ఉండదు. స్థూలంగా ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి సాగుతుంది. దీన్ని మీ సాధనకు వాడుకోండి: మొదటి సగం ఎదురు ప్రవాహంలో, రెండో సగం వాలులో ఈదితే అలసినప్పుడు ఇంటి దారి తేలికవుతుంది. నెలకోసారి మాత్రం దీన్ని తిరగేసి, అలసిపోయాక ఎదురీదండి. ధనుష్కోడి కొసన, అరిచల్‌మునై దగ్గర, పాక్ అఖాతం, మన్నార్ సింధుశాఖ కలిసే చోట ప్రవాహం చాలా బలంగా ఉంటుంది. పన్నెండు గంటలు ఈదిన మనిషికి, తీరం కళ్లెదుట కనిపిస్తూ ఉండగా, అరగంట కొట్టుకున్నా అది దగ్గరకు రాని అనుభవం అక్కడే ఎదురవుతుంది. ఈత తేదీని అమావాస్య, పౌర్ణమి రోజులకు దూరంగా, అష్టమికి అటూ ఇటూ వచ్చే రోజుల్లో పెట్టుకోమనడం కూడా అందుకే; ఆ రోజుల్లో ఆటుపోట్ల తేడా తక్కువ కనుక నీళ్ల పరుగు కూడా తక్కువగా ఉంటుంది.

సముద్రంలో మీ మొదటి నెల గంటన్నరకు మించవద్దు. ఏడాది పూర్తయ్యేసరికి మూడు గంటలు, ఆ తర్వాత నాలుగు, ఆరు అలా పెంచుకుంటూ పోవాలి. మధ్యలో ఒక పోటీలో పాల్గొంటే మేలు. మహారాష్ట్రలోని మాల్వణ్ దగ్గర చివ్లా బీచ్‌లో డిసెంబరులో జరిగే సముద్ర ఈత పోటీలు గాని, ముంబయిలో సంక్ రాక్ నుంచి గేట్‌వే ఆఫ్ ఇండియా దాకా ఉండే అయిదు కిలోమీటర్ల ఈత గాని ఇందుకు తగినవి. పదిమందితో కలిసి అలల్లోకి దిగినప్పుడు మన గుండె ఎలా కొట్టుకుంటుందో ముందే ఒకసారి తెలుసుకోవాలి. చివరి మూడు నెలల్లో వారం మొత్తం కలిపి పాతిక నుంచి ముప్పై కిలోమీటర్లు పడాలి. ఈ దశలో నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది వరుస రోజుల ఈత: శనివారం ఆరు గంటలు ఈది, ఇంటికి వచ్చి తిని పడుకుని, ఆదివారం తెల్లవారుజామున అదే నొప్పితో మళ్లీ నీళ్లలోకి దిగి నాలుగు గంటలు ఈదడం. ఆదివారం మొదటి అరగంటే అసలైన శిక్షణ. ఎనిమిది గంటల ఈత ఒక్కటి, అసలు రోజుకు అయిదారు వారాల ముందు చాలు. పద్నాలుగు గంటల ఈతను సాధనలో ఎవరూ చేయనవసరం లేదు. చివరి రెండు మూడు వారాలు భారం సగానికి, ఆపైన పావుకు తగ్గించి నిద్ర పెంచుకోవాలి.

ఇక ఆహారం. ఈ విషయంలో నా అనుభవం ఒకటి వివరంగా చెప్పాలి. నా తొలి ఆరు గంటల ఈత భీమిలి దగ్గర జరిగింది. ఎక్కువ శక్తి వస్తుందన్న నమ్మకంతో గ్లూకోజు పొడిని బాగా చిక్కగా కలిపి నాలుగు సీసాలు పడవలో పెట్టుకున్నాను. మూడు గంటలు బాగానే ఉంది. నాలుగో గంటలో నాలుక ఉప్పుకు ఉబ్బి, అంచులు పళ్లకు గీసుకుపోతూ, గొంతులో తీపి తప్ప మరేమీ తెలియని స్థితిలో నీళ్లలోనే వాంతి చేసుకున్నాను. మళ్లీ తాగాను, మళ్లీ వాంతి అయింది. పడవలో ఉన్న పెద్దాయన సత్తు క్యారేజీ మూత తీసి, తన కోసం ఇంటి నుంచి తెచ్చుకున్న గంజిలో కాసిని నీళ్లు కలిపి, చిటికెడు ఉప్పు వేసి, "తీపి మానేయండి బాబూ, ఇది ఒక్కో గుక్కా తాగండి" అని తాడు కట్టిన సీసాలో పోసి విసిరాడు. నేను వెల్లకిలా తేలుతూ ఆ గోరువెచ్చని గంజిని నాలుగు గుక్కల్లో తాగాను. పది నిమిషాల తర్వాత కడుపు నిలిచింది, మిగిలిన రెండు గంటలూ పూర్తి చేశాను. చిక్కటి తీపి, మింగిన ఉప్పునీళ్లు కలిస్తే కడుపు ఖాళీ కావడం ఆగిపోతుందని, పిండిపదార్థం ఆరు నుంచి ఎనిమిది శాతం మించకుండా పలచగా ఉంటేనే అది తేలికగా పేగుల్లోకి దిగుతుందని తర్వాత చదివి తెలుసుకున్నాను.

ఆ లెక్కన గంటకు 60 గ్రాముల పిండిపదార్థం, దాదాపు 750 మిల్లీలీటర్ల నీళ్లలో, అరగంటకు సగం చొప్పున తీసుకోండి. దీనికి మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థపు పొడి వాడవచ్చు, గ్లూకోజంత తీపి ఉండదు కనుక ఎక్కువసేపు సహించగలం. ప్రతి మూడో విడతలో ఉప్పు వేసిన గంజో పలచటి రాగి జావో పెట్టుకోండి, తీపి మొహం మొత్తకుండా ఉంటుంది. రెండు గంటలకోసారి బాగా మగ్గిన అరటిపండు ముక్క ఇస్తే నోరు తడవడమే కాక నాలుక మీద ఉప్పు మంట తగ్గుతుంది. ఉత్త మంచినీళ్లు మాత్రమే గంటల తరబడి తాగడం ప్రమాదం; రక్తంలో సోడియం పలచబడితే తలనొప్పి, అయోమయంతో మొదలై మూర్ఛ దాకా పోవచ్చు. ఏ పదార్థమైనా అసలు రోజున మొదటిసారి నోట్లో పెట్టకూడదు. పూల్‌లో కూడా రెండు గంటలు దాటిన ప్రతి ఈతలో ఇదే పద్ధతిలో, గోడ పట్టుకోకుండా, నిలువుగా కాళ్లు ఆడిస్తూ తాగడం సాధన చేయండి, ఎందుకంటే జలసంధిలో పడవను ఒక్కసారి ముట్టుకున్నా ఈత చెల్లదు.

చలి గురించి మీరు అడిగారు గానీ, మనవైపు దానికన్నా వేడి గురించి భయపడాలి. ఇంగ్లిష్ ఛానెల్‌కు వెళ్లేవాళ్లు 16 డిగ్రీలకు మించని నీళ్లలో ఆరు గంటలు ఈది చూపించాలి. మార్చిలో పాక్ జలసంధి నీళ్లు 28 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటాయి. గంటల తరబడి శ్రమించే శరీరం తన వేడిని అలాంటి నీళ్లలోకి సులభంగా వదల్లేదు, చెమట పడుతున్నట్టు మనకు తెలియను కూడా తెలియదు. 2010 అక్టోబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని ఫుజైరాలో పది కిలోమీటర్ల ప్రపంచ స్థాయి పోటీలో ఫ్రాన్ క్రిపెన్ అనే అమెరికన్ ఈతగాడు వేడి నీళ్లలో ఈదుతూనే చనిపోయాడు. ఆ తర్వాతనే అంతర్జాతీయ పోటీలకు నీటి ఉష్ణోగ్రత 31 డిగ్రీలు మించరాదన్న నియమం వచ్చింది. అతను ఆ కాలంలో ఆ దూరంలో పేరున్న ఈతగాళ్లలో ఒకడన్న సంగతి గుర్తుంచుకోండి. వెచ్చటి నీళ్లలో వణుకు పుట్టడం, తల దిమ్ముగా ఉండడం, బార లయ తప్పడం, అడిగినదానికి ఆలస్యంగా జవాబు చెప్పడం, వీటిలో ఏ రెండు కనిపించినా ఈత ఆపాలి. ఎండ ఎక్కువయ్యేలోగా సగం దూరం దాటేలా చీకట్లోనే బయల్దేరాలని, లేత రంగు టోపీ వాడాలని, ఐసు వేసిన డబ్బాలో చల్లటి సీసాలు ఉంచాలని చెప్పేది కూడా ఇందుకే.

చీకట్లో బయల్దేరతాం కనుక చీకట్లో ఈదడం కూడా నేర్చుకోవాలి. కనీసం మూడుసార్లు తెల్లవారుజామున మూడు గంటలకు, గాగుల్స్ పట్టీకి వెనక చిన్న దీపం కట్టుకుని, పడవ దీపాన్ని చూస్తూ ఈదండి. ఆ సమయంలో చేతికి తగిలే ప్రతి నాచుపోగూ పామేనన్న భయం పుడుతుంది. అది రెండోసారికి సగమవుతుంది, మూడోసారికి దాదాపు పోతుంది.

జెల్లీ చేపలు తప్పవు. అంటుకున్న పోగులను రుద్దకుండా గ్లవ్స్‌తో తీసి, సముద్రపు నీళ్లతోనే కడగాలి. మంచినీళ్లు పోస్తే మిగిలిన విషపు కణాలు కూడా పేలతాయి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా ఇక ఆలోచన లేదు, పైకి తీయవలసిందే. చంకలు, మెడ, కాస్ట్యూమ్ పట్టీల కింద వ్యాసలీన్‌గాని లనోలిన్‌గాని దట్టంగా పూయాలి. రెండు గంటల ఈతలో ఎర్రబడిన చోటు పద్నాలుగు గంటల్లో పుండవుతుంది.

పాక్ జలసంధి రెండు దేశాల నీళ్లు కనుక రెండు ప్రభుత్వాల అనుమతులు, నౌకాదళాలకు, తీరరక్షక దళానికి సమాచారం, పరిశీలకుడు, వైద్యుడు, పడవలు, ఇవన్నీ కుదరడానికి నెలలు పడుతుంది. ఆ పని సాధన చివరి ఏడాది మొదట్లోనే ప్రారంభించండి, లేకపోతే మీ శరీరం సిద్ధమైన నెలలో కాగితాలు సిద్ధం కావు. తోడుపడవలో ఎవరు ఉండాలన్నది ఇంకా ముఖ్యం. ఆహారం అందించే మనిషి మీతో కనీసం నాలుగు పొడవాటి ఈతల్లో ఉండి ఉండాలి, మీ నిమిషపు బారల లెక్క కాగితం మీద రాస్తూ ఉండాలి. అరవై నుంచి మెల్లగా యాభై అయిదుకు వస్తే అలసట. ఒక్కసారిగా నలభై అయిదుకు పడిపోతే ఏదో జరిగిందని అర్థం. ఈత ఆపించే అధికారం ఎవరిదో ముందే ఒకరికి అప్పగించి, ఆ మాటకు ఎదురు చెప్పనని మీ ఇంట్లోవాళ్ల ఎదుట ఒప్పుకోండి. పదకొండో గంటలో ఉన్న ఈతగాడికి తన స్థితి తనకు తెలియదు. నేను పడవలో ఉన్న ఒక ఈతలో, తీరం ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉండగా, ఈదుతున్నాయన తన ఊరి పేరు చెప్పలేకపోయాడు, పైకి తీశాం. ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు, మరుసటి ఏడాది తనే ఫోన్ చేసి మళ్లీ పడవలో ఉండమని అడిగాడు, ఆ సారి పూర్తి చేశాడు.

మొదలుపెట్టే ముందు ఒక వైద్యుడి దగ్గర గుండె పరీక్ష, ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గర భుజాల కదలిక పరీక్ష చేయించుకోండి. ఈ వారంలో 400, 200 మీటర్ల పరీక్ష పెట్టుకుని ఆ రెండు సమయాలు, నిమిషానికి మీరు వేసే బారల లెక్క, పాత భుజం గాయం ఏదైనా ఉంటే ఆ వివరం రాయండి. వాటిని చూసి మీ మొదటి ఎనిమిది వారాల పట్టిక రోజువారీగా వేసి ఇస్తాను.